మిగతా చార్జీ ఎవరు కట్టారు?

కేరళ నుంచి తిరిగొచ్చిన వారంలో నేను ఒక అంకెని కనీసం ఇరవై మందికి చెప్పి ఉంటాను. మనిషికి నాలుగు వేల రెండు వందలు. హైదరాబాద్ నుంచి వెళ్ళి, మూడు రోజులు నీళ్ళ మీదా గట్ల మీదా తిరిగి, తిని, పడుకుని, మళ్ళీ ఇల్లు చేరడానికి అయిన ఖర్చు అది. డిపార్ట్‌మెంట్‌లో చెప్పాను. ఒక పుస్తకావిష్కరణ సభలో టీ తాగుతూ చెప్పాను. ఫోన్లో మా చెల్లెలికి చెప్పాను. "అయ్యో, హౌస్‌బోట్ ఎక్కలేదా?" అని ఎవరైనా జాలిపడితే నాకింకా హుషారొచ్చేది. "లేదండీ, అక్కడి వాళ్ళు పనులకీ బడులకీ వెళ్ళే పడవలోనే వెళ్ళాం" అనేదాన్ని. అలా అంటున్నప్పుడు నా గొంతులో ఒక అతిశయం ఉండేదని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ అతిశయం ఎక్కడిది? తక్కువ డబ్బుతో తిరగడం మంచితనమేనా? ఈ ప్రశ్నలు నాకై నాకు తోచినవి కావు. నాతో వచ్చిన స్నేహితురాలొకామె, పడవలో కలిసిన నర్సు ఒకామె నా ముందు పెట్టినవి. రెండేళ్ళుగా వాటికి జవాబు వెతుక్కుంటున్నాను.

2024 సంక్రాంతికి ముందు మేం నలుగురం బయల్దేరాం. ఒకావిడ బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఒకామె అనువాదకురాలు, కొన్నాళ్ళు పత్రికల్లో పనిచేసింది. నేను యూనివర్సిటీలో తెలుగు చెబుతాను. నాలుగో ఆమె మా అందరిలోకీ చిన్నది. నా దగ్గరే పిహెచ్‌డి చేసింది, ఇప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్. నన్ను 'మేడమ్' అనడం మానేసి 'అక్కా' అనడానికి ఆమెకి నాలుగేళ్ళు పట్టింది. నేను స్నేహితురాలు అంటున్నాను గానీ, ఆమె నా గురించి చెప్పాల్సి వస్తే ఈ మాటే వాడుతుందా అనేది నాకు తెలీదు.

ఎలా వెళ్ళాలో ముందే అనుకున్నాం. స్లీపర్ క్లాసు, ఏసీ లేని గది, ఆర్టీసీ బస్సు, సర్కారు పడవ. ఈ షరతులు పెట్టింది నేనే. ఆడవాళ్ళు కాలు బయటపెట్టాలంటే 'డబ్బెక్కడిది' అన్న మాట ఎప్పుడూ గుమ్మానికి అడ్డం పడుతుంది కదా, పెద్దగా డబ్బు లేకుండా కూడా తిరగొచ్చని చూపించడం మన వంతు అన్నాను. అది రాజకీయమని కూడా అన్నాను. అందరూ ఒప్పుకున్నారు. చిన్నామె కూడా ఒప్పుకుంది. ఖర్చులు రాసే నోటుబుక్కు ఆమె చేతికే ఇచ్చాం, చిన్నది కదా అని.

బయల్దేరే ముందు రాత్రి మా నలుగురి ఇళ్ళల్లోనూ దాదాపు ఒకటే సన్నివేశం. దోసెల పిండి రుబ్బి పెట్టడం, కందిపొడి కొట్టడం, మందుల డబ్బాలో ఏ పూటకా పూట మాత్రలు సర్దడం. మా ఇంట్లో వంట చేసే ఆమెని, మా అత్తగారికి మూడు పూటలా వేడిగా పెట్టి, సాయంత్రం ఇంకో రెండు గంటలు ఉండి వెళ్ళమని అడిగాను. సరేనమ్మా అంది. ఆ అదనపు గంటలకి ఎంతివ్వాలో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆమెకో కసవు చీర తెచ్చాను. దాంతో సరిపోయిందనుకున్నాను.

శబరి ఎక్స్‌ప్రెస్ నిండా నల్లబట్టల స్వాములు. మకరజ్యోతికి వెళ్తున్నారు. మా కంపార్ట్‌మెంట్‌లో మేం నలుగురమే ఆడవాళ్ళం అనిపించేంతగా ఉన్నారు. శరణుఘోష మధ్యలో డబ్బాలు తెరిచి పులిహోర తిన్నారు, మాకూ పెట్టారు. మంచివాళ్ళు. ఈ నలభై రోజులూ తెల్లవారకముందే లేచి, తలస్నానం చేసి, మడితో వండిపెట్టిన ఆడవాళ్ళు ఇళ్ళల్లో ఉన్నారు. "వీళ్ళ యాత్రలో సగం ఖర్చు వీళ్ళ ఆడవాళ్ళు పెట్టారు, టికెట్టు మాత్రం వీళ్ళ పేరు మీదుంది" అంది అనువాదకురాలు. పడీపడీ నవ్వాం. మగవాళ్ళ యాత్ర వెనకాల కనపడని చాకిరీ మాకు ఎంత తేలిగ్గా కనపడిందో! స్త్రీవాదం మాకు నేర్పిన చూపే అది. కాకపోతే ఆ చూపు అప్పుడు ఎదుటి బెర్తు మీదే ఉంది.

ఎర్నాకుళంలో దిగి బస్సులో ఆలప్పుళ చేరాం. మనం అలెప్పీ అనే ఊరు అదే. మర్నాడు మధ్యాహ్నం కుటుంబశ్రీ మహిళలు నడిపే ఒక హోటల్లో తిన్నాం. అన్నం, సాంబారు, తోరన్, పచ్చడి కలిపి ముప్పై రూపాయలు. కొవిడ్ కాలంలో, 2020లో, ఈ జనకీయ హోటళ్ళు మొదలయ్యాయి. భోజనం ఇరవై రూపాయలకి అమ్మాలి, ఒక్కో భోజనానికి పది రూపాయలు ప్రభుత్వం సబ్సిడీగా ఇవ్వాలి. 2023లో ఆ సబ్సిడీ ఆపేశారు. అప్పటికే రావాల్సిన బకాయిల కోసం ఆ స్త్రీలు ధర్నాలు చేయాల్సి వచ్చింది. ఈ సంగతి అనువాదకురాలికి తెలుసు, తింటూనే చెప్పింది. అందరం అయ్యో అన్నాం. నోటుబుక్కులో మాత్రం 'మధ్యాహ్న భోజనం: 90' అని పడింది. ముగ్గురమే తిన్నాం. చిన్నామె ఆ మధ్యాహ్నం ఏమీ తినలేదు. ముందురోజు రైల్లోనూ తినలేదు, శనివారం ఉపవాసం అంది. ఇవాళ కడుపులో బాగాలేదంది. పడవ ఎక్కే రోజు సోమవారమని మళ్ళీ ఉపవాసం అంది. ఈ కాలం పిల్లకి ఇంత భక్తి ఏమిటని ఆటపట్టించాం కూడా.

పడవ గురించి చెప్పాలి. కేరళలో జల రవాణాకి ప్రభుత్వ శాఖే ఉంది. 1968లో ఏర్పడింది, ప్రధాన కార్యాలయం ఆలప్పుళలోనే. హౌస్‌బోట్లు వచ్చింది ఈమధ్యే. కొబ్బరి తాళ్ళతో చెక్కల్ని కుట్టి చేసే కెట్టువళ్ళం ఒకప్పుడు ధాన్యం మోసే పడవ. రోడ్లు, లారీలు వచ్చి వాటి పని పోయాక, 1990లలో వాటి మీద పడకగదులు కట్టి టూరిస్టులకివ్వడం మొదలుపెట్టారు. సర్కారు పడవ అలాంటిది కాదు. రోడ్డు లేని ఊళ్ళకి అదే బస్సు. సరంగు గంట కొడితే కింద ఇంజను దగ్గర ఉన్న డ్రైవరు వేగం పెంచుతాడు, ఇంకోలా కొడితే తగ్గిస్తాడు. రేవు రాగానే కళాసీ తాడు విసిరి గుంజకి చుడతాడు, పడవ పూర్తిగా ఆగకముందే పిల్లలు దూకేస్తారు. ఆలప్పుళ నుంచి కొట్టాయం దాకా రెండున్నర గంటల ప్రయాణం. టికెట్టు ముప్పై రూపాయలకి కాస్త అటూ ఇటూ. కిటికీకి అద్దాల్లేవు. నీటిగాలి మొహానికి కొడుతుంటే, ఇంత తక్కువకి ఇంత అందమా అనిపించింది.

ఆ అందం కూడా ఊరికే వచ్చింది కాదు. పడవ వెళ్ళేది కుట్టనాడు మీదుగా. సముద్రమట్టానికి ఒకటి రెండు మీటర్లు దిగువన వరి పండించే ప్రాంతం. మనం పడవలో పైన వెళ్తుంటే గట్టుకి అవతల పొలాలు కిందుగా, గిన్నె అడుగున ఉన్నట్టు కనిపిస్తాయి. 2013లో ఎఫ్‌ఏఓ దీన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. వేంబనాడు సరస్సులోంచి ఈ భూమిని తోడి తీశారు. చిత్తిర, మార్తాండం, రాణి అని తిరువాంకూరు రాజవంశం పేర్లు పెట్టిన కాయల్ పొలాలున్నాయి. వాటిని సాగులోకి తెచ్చిన జోసఫ్ మురిక్కన్ పేరూ చరిత్రలో ఉంది. నీళ్ళల్లో మునిగి అడుగున బురద తీసి గట్టు పోసిన పులయ, పరయ కులాల వాళ్ళ పేర్లు ఏ పొలానికీ లేవు. నాట్లు, కలుపులు, కోతలు చేసిన వాళ్ళ ఆడవాళ్ళ పేర్లు అసలే లేవు. తకళి శివశంకర పిళ్ళై 1948లో వాళ్ళ మీద రాసిన నవల పేరు 'రెండిడంగళి'. ఇడంగళి అంటే మన మానికలాంటి కొలపాత్ర. రెండు కొలతల ధాన్యం, అంతే. అంత చౌకగా దొరికిన శ్రమతో లేచిన గట్ల మీద ఇప్పుడు కొబ్బరిచెట్లు వరసగా వంగి ఉంటాయి, మనం ఫొటోలు తీస్తాం.

నేనూ తీశాను. గట్టు మీద ఇళ్ళకి నీళ్ళవైపే రేవు మెట్లు. అక్కడే గిన్నెలు తోముకోవడం, బట్టలుతకడం, స్నానాలు, చేపలు కడుక్కోవడం. ఒక మెట్టు మీద ఒకామె నైటీ మోకాళ్ళ దాకా ఎగదోపి చేపలు శుభ్రం చేస్తోంది. పక్కన పిల్లి. పొద్దుటెండ నీళ్ళ మీద పడి ఆమె మొహం మీద కదులుతోంది. ఫోన్ ఎత్తి తీశాను. ఆమె తలెత్తి చూసింది. తిట్టలేదు, చెయ్యి అడ్డం పెట్టలేదు. కుడిచేత్తో నైటీ కిందికి లాక్కుని, మొహం అటు తిప్పుకుని, చేపల పని చేసుకుంటూనే ఉంది. పడవ ముందుకెళ్ళిపోయింది.

నా పక్కన కూర్చున్నామె అప్పుడు తెలుగులో మాట్లాడింది. ఉలిక్కిపడ్డాను. నలభై దాటి ఉంటాయి, ఒళ్ళో బ్యాగు, అందులో తెల్లకోటు. హైదరాబాద్‌లో ఆరేళ్ళు నర్సుగా చేసిందట. ఆమె తెలుగు కాస్త విరిగినా మాట స్పష్టంగా ఉంది.

"అది వాళ్ళ పెరడు అక్కా. మీ పెరట్లో మీరు అంట్లు తోముతుంటే ఎవరన్నా ఫొటో తీస్తారా?"

కోపంగా అనలేదు. పేషెంటుకి మందు వేళ చెప్పినట్టు చెప్పింది. నేను ఫొటో తీసేశాను. ఆమె అది కూడా పట్టించుకోలేదు. తర్వాత తనే కబుర్లలోకి దిగింది. అత్తగారికి పక్షవాతం వస్తే తిరిగొచ్చేసింది. కొట్టాయంలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం. పొద్దున్నే లేచి తాగేనీళ్ళు పట్టుకురావాలి. చుట్టూ నీళ్ళే గాని తాగడానికి పనికిరావు, కొన్ని ఊళ్ళకి చిన్న పడవేసుకుని వెళ్ళి బిందెలతో తెచ్చుకోవాల్సిందే. 2018 ఆగస్టు వరదల్లో ఇల్లు వదిలి క్యాంపులో ఉన్నారు, తిరిగొచ్చాక బురద ఎత్తిపోయడానికే చాలా రోజులు పట్టింది. పడవ తప్పితే డ్యూటీ పోతుంది. సెలవుల సీజన్‌లో పడవ నిండా మావంటి వాళ్ళే ఉంటారు కాబట్టి నిలబడి వెళ్ళడం అలవాటే. "రాత్రంతా డ్యూటీ చేసి రెండున్నర గంటలు నిలబడితే కాళ్ళు వాస్తాయి" అంది, నవ్వుతూనే. అప్పుడు చూశాను, పడవ వెనకభాగంలో కడ్డీ పట్టుకుని బుట్టలతో ముగ్గురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. కిటికీ పక్క సీట్లన్నీ మావే. ముందుగా వచ్చి పట్టుకున్నాం మరి.

ఆ నర్సు మాట నన్ను పొడవడానికి ఇంకో కారణం ఉంది. నేను కోనసీమ లంకలో పుట్టాను. కాలవ రేవులో మా అమ్మ అంట్లు తోమేది. అప్పుడప్పుడు పట్నం నుంచి ఎవరో పడవలో సరదాగా వచ్చేవారు, కళ్ళజోళ్ళు పెట్టుకుని, కెమెరా మెడలో వేసుకుని. వాళ్ళ పడవ వచ్చినప్పుడల్లా అమ్మ చెంగు లాక్కుని, మొహం అటు తిప్పుకుని, తోముతూనే ఉండేది. అచ్చం ఆ చేపలామె చేసినట్టే. నాకు ఏడెనిమిదేళ్ళు. వాళ్ళ కళ్ళజోళ్ళు భలే ఉన్నాయని చూసేదాన్ని. పెద్దయ్యాక నేను కూడా అలా పడవలో వెళ్ళాలని కోరుకున్నానేమో కూడా. కోరిక తీరింది. కాని అమ్మ మొహం ఎందుకు తిప్పుకునేదో అర్థం కావడానికి ఆ పడవ ఎక్కాల్సి వచ్చింది.

మన సాహిత్యంలో మగవాడి చూపు గురించి ఎంతో రాసుకున్నాం. చూడబడటం అంటే ఏమిటో మన ఒళ్ళకి తెలుసు. ఆ అనుభవం ఉంది కాబట్టి మన చూపులో దోషం ఉండదని ఎప్పుడు నమ్మేశామో తెలీదు. స్త్రీని స్త్రీ చూస్తే తప్పేమిటి, అభిమానంతో చూశాను కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ పట్నం వాళ్ళు కూడా మా అమ్మని అభిమానంతోనే చూసి ఉంటారు.

కంజిరం దాటాక కాలవ ఇరుకవుతుంది. అడ్డంగా చిన్న కాలినడక వంతెనలు. పడవ వస్తుంటే తాళ్ళు లాగి వంతెనని పైకెత్తుతారు, పడవ వెళ్ళాక దించుతారు. ఎత్తినంతసేపూ అవతల జనం ఆగి నిలబడతారు. నిన్నటిదాకా ఇది నాకు ఒక వింత దృశ్యంగా ఉండేది. ఆ పూట మాత్రం బడిసంచితో నిలబడ్డ పిల్లనీ, గడ్డిమోపుతో నిలబడ్డ ముసలామెనీ చూశాను. మా దారి కోసం వాళ్ళ దారి కాసేపు లేచింది. నిలబడ్డ ముగ్గురిలో ఇద్దరు అప్పటికే దిగిపోయారు. మూడో ఆమెకి నా సీటిచ్చాను. ఇంకో పావుగంటలో కొట్టాయం.

కొట్టాయం ప్లాట్‌ఫారం మీద రైలు కోసం కూర్చున్నాం. నోటుబుక్కు తీసుకుని అంకెలు కూడాను. తిరుగు టికెట్లతో కలిపి నలుగురికీ పదహారు వేల ఎనిమిది వందలు. "మనిషికి నాలుగు వేల రెండొందలు! చూశారా!" అని గట్టిగా అన్నాను.

చిన్నామె నెమ్మదిగా అంది. "నాకు ఏడు వేలు దాటింది అక్కా."

లెక్క తప్పిందేమోనని మళ్ళీ కూడబోయాను. తప్పలేదు. మాకు సెలవంటే జీతంతో ఇంట్లో ఉండే రోజు. బ్యాంకు ఆవిడకి పెన్షన్. ఈమెకి గంటల లెక్కన జీతం. చెప్పని గంటకి డబ్బుల్లేవు. పండగ సెలవులకి ముందొక రోజు, తర్వాతొక రోజు మా కోసం క్లాసులు వదులుకుంది. ఆ డబ్బు ఏ నోటుబుక్కులోనూ లేదు. ఆ లోటు పూడ్చుకోడానికే శనివారాలూ సోమవారాలూ వచ్చాయి.

"మరి ముందే చెప్పొచ్చు కదా" అన్నారు బ్యాంకు ఆవిడ, నిజంగా బాధపడుతూ.

"ఏమని చెప్పను? మీరు తక్కువలో వెళ్దామనే కదా అన్నారు. ఆ తక్కువ కూడా నాకు ఎక్కువని చెప్పడం..." అని ఆగింది. కాసేపయ్యాక నా వైపు చూసి, "మీకు ఇది సరదా అక్కా. తప్పని అనట్లేదు. నాకు రోజూ ఇదే కదా, ఇందులో గొప్పేముందో నాకు తెలీలేదు" అంది.

తర్వాత రైలొచ్చింది. దారిలో ఆమెకి భోజనం కొనబోతే వద్దంది, ఆకలి లేదంది. ఈసారి వారం పేరు చెప్పలేదు. ఇల్లు చేరేదాకా మా మధ్య పెద్దగా మాటల్లేవు. సిగ్గుపడాల్సిన నేను, వారం తిరక్కుండానే మళ్ళీ ఆ నాలుగు వేల రెండొందలు అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. ఒక అబద్ధాన్ని ఎంత ఇష్టంగా మోస్తామో!

పొదుపు ఆడవాళ్ళ గుణమని మనకి చిన్నప్పటి నుంచీ నూరిపోశారు. మా అమ్మ గొప్ప పొదుపరి అని ఊరంతా చెప్పుకునేవారు. అమ్మ పొదుపంటే, అందరూ తిన్నాక మిగిలితే తినడం, మిగలకపోతే ఇవాళ ఏకాదశి అనడం. నేను చదువుకుని, ఉద్యోగం తెచ్చుకుని, ఆ వైపు నుంచి ఈ వైపుకి వచ్చాను. పొదుపు గర్వం మాత్రం వెంట తెచ్చుకున్నాను. అమ్మ పొదుపులో తగ్గింది అమ్మ కడుపే. నా పొదుపులో ఎవరి కడుపు తగ్గిందో నేను చూడలేదు. ఏకాదశి అని చెప్పేవాళ్ళు నా పక్కనే కూర్చుని ఉంటే, భక్తి అని నవ్వాను.

చౌక అంటే ధర తక్కువ కావడం అనుకుంటాం. చాలాసార్లు ధర తగ్గదు, చెల్లించే మనిషి మారుతుంది. నా ప్రయాణంలో మిగతా చార్జీని మా వంటామె రెండు గంటలు ఎక్కువుండి కట్టింది. హోటల్ ఆడవాళ్ళు రాని సబ్సిడీతో కట్టారు. బుట్టలతో నిలబడ్డ ముగ్గురు కాళ్ళతో కట్టారు. చేపలామె ఒక పొద్దుటి ఏకాంతంతో కట్టింది. నా స్నేహితురాలు కట్టింది అందరికంటే ఎక్కువ.

అయితే హౌస్‌బోట్ ఎక్కి ఎక్కువ డబ్బు పెడితే న్యాయం జరిగేదా? అదీ కాదు. హౌస్‌బోట్ల నుంచి వచ్చే మురుగు, నూనె ఆ సరస్సులోనే కలుస్తున్నాయని అక్కడివాళ్ళు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు. ఉప్పునీరు పొలాల్లోకి రాకుండా 1970లలో కట్టిన తన్నీర్ముక్కం అడ్డుకట్ట వల్ల నీళ్ళు నిలిచిపోయే చోట ఆ మురుగు ఇంకా పేరుకుంటుంది. రేవు మెట్ల మీద గిన్నెలు తోమేది ఆ నీళ్ళతోనే. ఎక్కువ ఖర్చు పెట్టినంత మాత్రాన చెల్లించాల్సిన వాళ్ళకి చెల్లించినట్టు కాదు.

పోనీ, అసలు వెళ్ళకుండా ఉంటే? ఈ మాట దగ్గర నేను చాలాకాలం ఆగిపోయాను. ఎందుకంటే ఇది మనకి బాగా తెలిసిన గొంతు. మేం బయల్దేరడానికి నెల రోజుల ముందే, 2023 డిసెంబర్ 9న, తెలంగాణలో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితమైంది. పని లేకపోయినా తిరుగుతున్నారు, బస్సుల్లో సీట్ల కోసం కొట్టుకుంటున్నారు, గుళ్ళకీ పుట్టిళ్ళకీ ఊరికే పోతున్నారు అని ఎన్ని జోకులు, ఎన్ని వీడియోలు! 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం వచ్చాక అవే జోకులు మళ్ళీ తిరిగాయి. మగవాడు ఊరికే తిరిగితే లోకజ్ఞానం, ఆడది తిరిగితే దుబారా. పని ఉంటేనే గడప దాటాలన్న షరతుని నేను ఒప్పుకోను. ఊరికే నీళ్ళు చూడ్డానికి వెళ్ళే హక్కు చేపలామెకీ ఉంది, నర్సుకీ ఉంది, నాకూ ఉంది. నేను వెళ్ళడం మానేస్తే వాళ్ళకి ఆ హక్కు రాదు.

ఆ నీళ్ళకే ఇంకో కథ ఉంది. వేంబనాడు సరస్సు ఉత్తరాన కొచ్చి దాకా సాగుతుంది. 1913లో అక్కడ పులయులు సభ పెట్టుకోవాలనుకుంటే నేల మీద వాళ్ళకి చోటు లేదు. రాజుగారి నేల మీద సభ జరపనివ్వరు. అందుకని పడవల్ని ఒకదానికొకటి కట్టి, నీళ్ళ మీద సభ చేసుకున్నారు. కాయల్ సమ్మేళనం అంటారు దాన్ని. దానికి ముందు ఏడాదే కొచ్చి దగ్గర ముళవుకాడు దీవిలో దాక్షాయణి వేలాయుధన్ పుట్టింది. పెద్దయ్యాక, మన దుర్గాబాయి కూర్చున్న రాజ్యాంగ సభలోనే, ఏకైక దళిత స్త్రీగా కూర్చుంది. నీళ్ళు అందరివీ అని మనం తేలిగ్గా అంటాం. నేల దక్కని వాళ్ళు అంటే దానికి ఒక అర్థం, కిటికీ సీటు దొరికిన నేను అంటే ఇంకో అర్థం.

సర్కారు పడవ చౌకగా ఉండాల్సిందే. రోడ్డు లేని ఊరికి అది ప్రాణం. అందులో నేనూ ఎక్కొచ్చు. కాని ఆ ధర నా కోసం తగ్గించింది కాదని ఎక్కేటప్పుడే గుర్తుంటే, ముందు నిలబడాల్సింది నేనే. డ్యూటీలకీ బడులకీ వెళ్ళే వేళలు వదిలి మధ్యాహ్నం పడవకి వెళ్ళొచ్చు. ఫోను బ్యాగులో పెట్టుకోవచ్చు. ఇవి చాలా చిన్న విషయాలు, నాకు తెలుసు. అపరాధభావం ఇంతకన్నా పెద్దగా కనిపిస్తుంది, కాని దాన్ని మోయడం నాకు సుఖంగానే ఉందని గమనించాను. అయ్యో అనుకుంటూ కూడా హోటల్లో ముప్పై రూపాయలే ఇచ్చి లేచాను కదా.

స్నేహితురాలి విషయం ఇంత సులువుగా తేలలేదు. వచ్చాక కొన్నాళ్ళకి, ఇకముందు ఎవరి సంపాదనని బట్టి వాళ్ళు వేసుకుందామని ప్రతిపాదించాను. అదే న్యాయమని ఇప్పటికీ అనుకుంటాను. ఆమె ఒప్పుకోలేదు. "మీ డబ్బుతో వస్తే, మీకు నచ్చని మాట అనలేను కదా అక్కా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. సమానంగా పంచుకుంటే ఆమె పస్తుండాలి, ఎక్కువ తక్కువలుగా పంచుకుంటే ఆమె నోరు మూసుకోవాలి. ఇద్దరు స్త్రీల మధ్య సోదరీత్వం ఉందని ఎన్ని వ్యాసాల్లో రాశానో లెక్కలేదు. ఒకరు పర్మినెంటు, ఒకరు గంటల లెక్క అయినప్పుడు ఆ సోదరీత్వం భోజనం బిల్లు దగ్గర ఎలా ఉంటుందో ఒక్క వాక్యం కూడా రాయలేదు. నిజానికి ఆమెకి కావాల్సింది నా వాటా డబ్బు కాదు, ఉద్యోగం. మా డిపార్ట్‌మెంట్‌లో ఖాళీలు ఏళ్ళుగా భర్తీ కాకుండా ఉంటే, ఆ పనిని గెస్టులతో చౌకగా నడిపించే కాగితాల మీద సంతకాలు చేసే వాళ్ళలో నేనూ ఉన్నాను. నా చౌక ప్రయాణం ఆలప్పుళలో మొదలవలేదు.

దాదాపు రెండేళ్ళు ఆమె మాతో ఎక్కడికీ రాలేదు. 2025 దసరా తర్వాత తనే ఫోన్ చేసింది. "మా ఊరు రండి అక్కా, గోదారి చూద్దురుగాని. బస్సు ఎలాగూ ఫ్రీ. ఈసారి ఖర్చు ఎంతో నేను చెప్తాను, మీరు దానికి దాటకూడదు" అంది. ముగ్గురం వెళ్ళాం. వెళ్ళేటప్పుడు కిక్కిరిసిన బస్సులో చాలాసేపు నిలబడ్డాం, కాళ్ళు నిజంగానే వాచాయి. వాళ్ళమ్మగారు రెండు రోజుల నుంచి సకినాలు చేసి పెట్టారట. వంటింట్లోకి వెళ్ళి మేమూ కూర్చోబోతే ఆవిడ ఒప్పుకోరు, ఈమె నవ్వుతూ చూస్తోంది. చివరికి కూరగాయలు తరగనిచ్చారు.

ఆ రాత్రి డాబా మీద నోటుబుక్కు తీసింది. పాతదే. పేజీ మధ్యలో గీత గీసింది. ఎడమవైపు 'మనం పెట్టింది' అని రాసింది. కుడివైపు 'మన కోసం పెట్టింది' అని రాసి, మొదటి వరసలో వాళ్ళమ్మ పేరు రాసుకుంది. "మీవి మీరు రాసుకోండి" అని పుస్తకం నాకిచ్చింది. నేను చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలిసింది గాని, ఎక్కడ ఆపాలో తెలీలేదు.

హైదరాబాద్ వచ్చిన మర్నాడు పొద్దున్న మా వంటామెకి జీతం కాక ఇంకో కవరు ఇచ్చాను. మూడు రోజులు, రోజుకి రెండు గంటలు, ఆమె మామూలు గంటల లెక్క కట్టి. ఆమె లోపల చూసి, "ఇది దేనికమ్మా?" అంది.

"నేను కేరళ వెళ్ళినప్పుడు ఎక్కువసేపు ఉన్నావు కదా, సంక్రాంతికి" అన్నాను.

ఆమె గుర్తు తెచ్చుకోడానికి ప్రయత్నించింది. "ఏ సంక్రాంతమ్మా?" అని అడిగింది.